పెదవి మీద సింహం

పాలకొల్లు,
సెప్టెంబరు 9, మంగళవారం.

అమ్మకి,

హారతి నమస్కారాలు. ఇక్కడ నాన్న క్షేమం, వీరవేణత్త క్షేమం, నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన కరివేపాకు మొక్క క్షేమం. నా పేరు కూడా ఆ వరసలో చేర్చాలో వద్దో తేలక ఈ వాక్యం దగ్గరే పావుగంట కూర్చున్నాను. సగం క్షేమం అనుకో. మిగతా సగం కోసమే ఈ కవరు ఇంత లావుగా ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లో మావయ్యా, నువ్వూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీనా అత్త కాలికి కట్టు విప్పారని రాశావు. ఇంక నీ వంటలు తిని లేవాలనిపించక మంచం మీదే ఉంటుందేమో చూసుకో.

పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. మూడింటికి వెంటనే చెప్తాను. నాలుగోదానికి కాస్త ఓపిక పట్టు.

నాన్న భోజనానికి వేళకి వస్తున్నారా అన్నావు. రావడం లేదు. రెండున్నర దాటాక కొట్టు కట్టేసి, ధనియాల వాసనతో వస్తారు. నువ్వున్నప్పుడు ఒంటిగంటకే ఎలా వచ్చేవారో కనుక్కుందామని రెండు రోజులు గమనించాను. ఇప్పుడెవరూ ఆయన కోసం వీధి గుమ్మంలో నిలబడటం లేదు. అంతే తేడా.

వీరవేణత్తతో గొడవ పడుతున్నావా అన్నావు. పడటం లేదు. మొగల్తూరు నుంచి నీ బదులు ఇల్లు చూడ్డానికి వచ్చింది కాబట్టి నోరు అదుపులో పెట్టుకుంటున్నాను. నా నోటి సంగతే ఈ ఉత్తరమంతా, వస్తున్నాను.

మూడోది, ఫోన్ కెమెరా బాగు చేయించావా అని. అమ్మా, కెమెరా పాడవలేదు. జూన్ నుంచి నీకు వీడియోలో మన హాల్లో ఫ్యాను చూపిస్తున్నాను కదా, అది నేను కావాలని పెట్టిన ఫ్యాను. తమాషా ఏంటంటే, నువ్వూ ఎప్పుడూ నీ ఫ్యానే చూపిస్తావు. 'ప' 'బ' 'మ'లు నీ నోట్లో జారిపోతాయని ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి, మిగిలింది ఉత్తరం రాస్తానంటావు. మూడు నెలలుగా తల్లీకూతుళ్ళం ఒకళ్ళకొకళ్ళం ఫ్యాన్లు చూపించుకుంటున్నాం.

నా పై పెదవి వాచింది. మొదటిసారి ఫిబ్రవరిలో, నువ్వు ఇక్కడుండగానే. పొద్దున్న లేచేసరికి ఉబ్బి ఉంటే నీ దగ్గరికి వచ్చాను. నువ్వు నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, చాలాసేపు చూశావు. "ఏదో పురుగు పాకుంటుందిలే" అని వంటింట్లోకి వెళ్ళిపోయావు. నాకది కొంచెం వింతగా అనిపించింది. నా కాలి గోరు చిట్లినా మూడు రకాల మందులు పూసే మనిషివి, ఆ రోజు కొబ్బరినూనె కూడా తేలేదు. రెండు రోజుల్లో వాపు తీసింది, మర్చిపోయాను.

జూన్‌లో మళ్ళీ వచ్చింది. ఈసారి తియ్యలేదు. నొప్పి లేదు, దురద లేదు. నొక్కితే లోపల రబ్బరు ముక్క ఉన్నట్టు గట్టిగా ఉంటుంది. బుగ్గ లోపల నాలుకతో తడిమితే అలలు అలలుగా తగులుతుంది. నిజం చెప్పనా, భయం రెండో రోజున వచ్చింది. మొదటి రోజంతా అద్దం ముందు నిలబడి, ఇదేంటి, ఎందుకు పైదే వాచింది, కిందది ఎందుకు బాగుంది అని చూడటంతోనే సరిపోయింది. ఒక నోటు పుస్తకం పెట్టాను. రోజూ పొద్దున్న దారంతో పెదవి కొలిచి, ఆ ముందు రోజు ఏం తిన్నానో రాసేదాన్ని. జూనియర్ కాలేజీలో జువాలజీ క్లాసులకి మాస్కు పెట్టుకుని వెళ్ళాను. వారం తిరక్కుండా పిల్లలు నాకు 'మాస్క్ మేడం' అని పేరు పెట్టారు. ఒకమ్మాయైతే, "మేడం, మాస్కులో మీరు చెప్తుంటే శ్వాసకోశం బాగా అర్థమవుతోందండి" అంది.

ఊళ్ళో తలోమాటా అన్నారు. వంకాయ పడలేదన్నారు. బల్లి పాకిందన్నారు. మందుల షాపాయన ఎలర్జీ బిళ్ళలు ఇచ్చాడు, వాటితో నిద్ర వచ్చింది, వాపు మాత్రం పోలేదు. వీరవేణత్త నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, "ఇది సర్పే" అని తేల్చింది. "లోపలి సర్పి. డాక్టర్ల వల్ల కాదే ఇది. కుమ్మరి బుల్లియ్యని పిలిపించి సింహం వేయించాలి."

నేను ఒప్పుకున్నానంటే నువ్వు నమ్మవు. జువాలజీ చెప్పేదాన్ని, బుగ్గ మీద జేగురుతో సింహం బొమ్మ వేయించుకోవడం ఏంటి? అయినా ఒప్పుకున్నాను. ఒంటి మీద పొక్కులు లేచే సర్పికి సింహం వేస్తారని వినడమే గానీ ఎలా వేస్తారో ఎప్పుడూ చూడలేదు. చూడాలనిపించింది.

బుల్లియ్య గారు కొబ్బరి చిప్పలో ఎర్రమట్టి కలుపుకుని, వేపపుల్ల చివర నమిలి కుంచె చేసుకుని వచ్చారు. ఎనభై దాటుంటాయి. చెయ్యి మాత్రం వణకలేదు. ముందు నా పెదవి చుట్టూ ఒక గీత తిప్పి, ఎడమ బుగ్గ మీద తల, కుడి బుగ్గ మీదకి తోక లాగారు. అద్దం తీసుకుని చూశాను.

"బుల్లియ్య గారూ, ఇది సింహమాండీ, పిల్లాండీ?"

"జూలుకి జాగా చాల్లేదండి అమ్మాయిగారూ. చెవి కాడికి లాగాను, చూడండి. ఆయ్. నవ్వకండి, తోక చెదిరిపోద్ది."

"నవ్వక ఏం చేస్తుందిలే, దానికన్నీ వేళాకోళమే" అంది అత్త.

ఆయన తోక సరిచేస్తూ, ఏదో మామూలు మాటలా అన్నారు: "మీ అమ్మగారికీ నేనే ఏశానండి. ఇదే చోటు, పై పెదవే. ఆవిడ మీలాగా నవ్వలేదండి. కళ్ళమ్మట నీళ్ళెట్టుకుని కూచున్నారు."

నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశాను. "ఎప్పుడండీ? నేను పుట్టాకేనా?"

"మీరెక్కడున్నారండీ అప్పటికి! ఆవిడ కొత్తగా కాపరానికొచ్చిన ఏడు. పెద్ద తుపాను కొట్టింది కదండీ, నా బట్టీ కూలిపోయింది. కుండలు లేక, పని లేక కూచున్న రోజులండి. మీ మామ్మగారు కబురెట్టారు."

"చాల్లే బుల్లియ్యా" అని అత్త గబుక్కున లేచింది. "పోయిన వారం ఎవరింటికెళ్ళావో చెప్పమంటే చెప్పలేవు, అప్పటివన్నీ ఏం గుర్తుంటాయి నీకు? అయింది కదా, తాంబూలం తీసుకో."

"నా బట్టీ కూలిన ఏడు నాకు గుర్తుండదాండీ?" అన్నారాయన. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆ తుపాను తొంభై ఆరులో వచ్చింది. నేను పుట్టింది రెండు వేల ఒకటిలో. ఈ లెక్క నాకెందుకంత ముఖ్యమో నీకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మొగల్తూరులో అత్త వాళ్ళింట్లో వేసవి సెలవులకి ఉన్నప్పుడు, మామిడికాయ ముక్కలు ఎండబెడుతూ పక్కింటావిడతో అత్త అంటుంటే విన్నాను. "దీని నక్షత్రం మంచిది కాదని మా అన్నయ్యకి శాంతి చేయించాం. నూనె గిన్నెలో దీని మొహం చూశాకే ఎత్తుకున్నాడు. అన్నయ్యకేం కాలేదు. తల్లి సంగతి ఎవరికి తట్టింది? పురిట్లోనే మూతి వంకరపోయింది, పాపం." అత్త మనసులో చెడ్డ లేదు, ఆ 'పాపం' నిజంగానే అంది. కానీ నేను ఇంటికి వచ్చాక నీ నోరు వేరేగా చూడ్డం మొదలుపెట్టాను. నవ్వొస్తే నువ్వు కొంగు అడ్డం పెట్టుకుంటావు. నీళ్ళు తాగితే ఎడమ మూల నుంచి కారతాయని గ్లాసు కుడివైపు వంచుతావు. అది నేను చేసిన పని అనుకున్నాను. పదహారేళ్ళు అనుకున్నాను.

అందుకే, మర్నాడు సింహాన్ని సబ్బుతో కడిగేసి (అత్త వారం రోజులు నాతో మాట్లాడలేదు), రాజమండ్రి వెళ్ళాను. అక్కడ నోటి జబ్బులు మాత్రమే చూసే డాక్టరు గారున్నారని మా ప్రిన్సిపాల్ చెప్పారు. పేరు సాయిప్రసన్న. నాకంటే ఐదారేళ్ళు పెద్ద ఉంటారు. నేను నోటు పుస్తకం తీస్తే నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు, మొదటి పేజీ నుంచి చదివారు. దారం కొలతలు చూసి, "ఇలా పేషెంట్లు అందరూ రాసుకొస్తే నా పని సగం తగ్గేదండి" అన్నారు.

తర్వాత నాలుక చాపమన్నారు. టార్చి వేసి చూసి, "ఈ గీతలు ఎప్పటి నుంచి?" అన్నారు.

"పుట్టినప్పటి నుంచి ఇంతేనండి. మా అమ్మకీ ఇలాగే ఉంటుంది. ఆవకాయ తింటే ఇద్దరికీ మంట."

ఆవిడ టార్చి కిందపెట్టారు. "మీ అమ్మగారికి పెదవి ఎప్పుడైనా వాచిందా?"

బుల్లియ్య గారి మాట చెప్పాను. సింహం సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది.

"ముఖం ఎప్పుడైనా ఒక పక్కకి..." అని ఆవిడ అడగడం పూర్తి కాకుండానే, నా పురిట్లో నీ మూతి వంకరపోయిందనీ, అది నా వల్లేననుకుంటున్నాననీ చెప్పేశాను.

అమ్మా, ఇది చాలా అరుదైన జబ్బు. దీనికి పొడుగాటి పేరుంది, ఇద్దరు దొరల పేర్లు కలిపి పెట్టారు, పలకడానికి మన ఇద్దరి పెదవులూ పనికిరావు. ఒంట్లో ఉండే కాపలా కణాలు, శత్రువు లేకుండానే పెదవిలో గుంపులుగా చేరి కూర్చుంటాయట. అందుకే గట్టిగా ఉంటుంది. అంటుకునేది కాదు, కేన్సర్ కాదు. కొందరికి పెదవి ఒక్కటే వాస్తుంది. కొందరికి నాలుక మీద గీతలు కూడా ఉంటాయి. కొద్దిమందికి ఎప్పుడో, పెదవి వాచిన ఎన్నో ఏళ్ళకి కూడా, ముఖం ఒక పక్క పడిపోవచ్చు. చాలావరకు కుటుంబంలో ఒక్కరికే వస్తుంది, అరుదుగా ఇద్దరికి. "మీ అమ్మగారిని చూడకుండా నేనేమీ అనను" అన్నారు డాక్టరు గారు. "కానీ ఆవిడ్ని చూడాలని నాకుంది. పుట్టిన పిల్ల వల్ల మాత్రం ఎవరి మూతీ వంకరపోదండి. ఇది మాత్రం చూడకుండానే చెప్తాను."

బస్సులో పాలకొల్లు వచ్చేదాకా ఆ చివరి మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాను.

నాన్నని అడిగాను. కొట్లో బేరాలు లేనప్పుడు, ఎండుమిర్చి బస్తా మీద కూర్చుని అడిగాను. ఆయన యాలకులు ఏరుతూ తల ఎత్తలేదు.

"వాచేది. పెళ్ళైన కొత్తలో నెలకోసారి వాచేది. మసాలాలు దంచేటప్పుడు నోట్లో వేసుకుంటోందని మా అమ్మ అనేది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం నాన్నా?"

"ఏమని చెప్పనే? మూతి మాట ఎత్తితే మీ అమ్మ రెండు రోజులు అన్నం ముట్టదు. నేనూ ఎత్తడం మానేశాను."

ఆ తర్వాత పెదవి లోపల చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు, రెండు కుట్లు. రిపోర్టులో ఆవిడ అనుకున్నదే వచ్చింది. పొట్టలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఇలాంటిది లేదని వేరే పరీక్షలూ చేశారు, లేదు. పెదవిలోకి సూది మందు ఒకసారి అయింది, ఇంకా రెండుసార్లుంది. నొప్పి గురించి అబద్ధం చెప్పను, కళ్ళు తిరిగాయి. కానీ దారం కొలతలో కొంచెం తగ్గింది.

ఇంకో సంగతి, ఇది నీకు కూడా. దాల్చినచెక్క, సీసాల్లో పానీయాలు చెడిపోకుండా కలిపే మందు, ఈ రెండూ కొందరికి వాపు పెంచుతాయట. అందరికీ కాదు, మానేసి చూస్తేగానీ తెలియదు. నోటు పుస్తకం తిరగేస్తే నాకు సిగ్గేసింది. మన కొట్లో కూర్చున్నప్పుడల్లా నేను నమిలేది దాల్చినచెక్కే. ఎవరు నేర్పారు? నువ్వే. నోటికి మంచిదని నీ బుగ్గలో ఎప్పుడూ ఒక ముక్క ఉంటుంది. నాన్న ఈ మాట విని ఏం చేశారో తెలుసా? వంటింట్లో దాల్చినచెక్క డబ్బా కొట్టుకి పట్టుకెళ్ళిపోయారు. ఇప్పుడు ఇంటికి రాగానే మోచేతుల దాకా కడుక్కుంటున్నారు, ఆపరేషన్ చేసే డాక్టరులాగా. నువ్వు వెళ్ళేటప్పుడు నీ పెట్టెలో తనే పావుకిలో పొట్లం కట్టి పెట్టానని చెప్పి, "దాన్ని సముద్రంలో పారెయ్యమని రాయి" అన్నారు. సముద్రంలో వద్దులే గానీ, ఆరు వారాలు మానేసి చూడు.

ఇంక నాలుగో ప్రశ్న.

డిగ్రీ పట్టా ఇచ్చిన రోజు ఫోటో పంపు, పక్కింటావిడకి చూపిస్తానని రాశావు. పాత మందుల చీటీలేమైనా దొరుకుతాయేమోనని పోయిన వారం నీ బీరువా తీశాను. అడుగు అరలో, నువ్వు ఎప్పుడూ కట్టని వంగపండు రంగు ఉప్పాడ చీర ఉంది. దాని జాకెట్టుకి టైలరు గుచ్చిన చీటీ ఇంకా ఉంది, మూడేళ్ళ కిందటి తారీఖు. చీర మడత విప్పితే మా కాలేజీ ఆహ్వాన పత్రం పడింది. 'తల్లిదండ్రులతో సహా' అని బంగారు రంగు అక్షరాల్లో.

ఆ పత్రం కాలేజీ వాళ్ళు ఇళ్ళకి పోస్టు చేశారని నాకు తెలియదు. తల్లిదండ్రుల్ని పిలవడం లేదని నేను హాస్టల్ నుంచి ఫోన్ చేసి చెప్పేసరికే అది నీ చేతిలో ఉంది. "సరేలేమ్మా" అన్నావు.

నిన్ను నా స్నేహితురాళ్ళు చూస్తారని పిలవలేదు. నీ నోరు చూస్తారని. ఇంతకంటే మర్యాదగా రాయడానికి మూడు కాగితాలు చింపాను, కుదరలేదు. ఆ వంకర నా వల్లే అనుకునేదాన్ని కదా, దాన్ని చూసినప్పుడల్లా నా తప్పు పదిమందిలో నిలబెట్టినట్టుండేది. ఇది సాకుగా చెప్పడం లేదు. పిలవలేదన్నది నిజం.

ఫోటో ఉంది. అందులో నా పక్కన నా హాస్టల్ స్నేహితురాలు సాయిసుధ వాళ్ళ అమ్మగారున్నారు. ఫోటోగ్రాఫరు, "అమ్మగారూ, పాప పక్కన నిలబడండి" అంటే ఆవిడ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. మా అమ్మ కాదండీ అని నేను అనలేదు. ఆ ఒక్క మాట కోసం నా నోరు తెరుచుకోలేదు, అప్పటికి ఏ వాపూ లేకపోయినా.

ఆ ఫోటో పంపను. ఈ కవర్లో వేరేది పెట్టాను. నిన్న స్టూడియోలో తీయించాను, మాస్కు లేకుండా. స్టూడియో అబ్బాయి కంప్యూటర్లో చూసి, "పెదవి కాస్త తగ్గించమంటారా మేడం? రెండు నిమిషాల పని" అన్నాడు. వద్దన్నాను. తగ్గిస్తే నీకెలా తెలుస్తుంది? ఫిబ్రవరిలో నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పినప్పుడే నువ్వు పోల్చుకున్నావని ఇప్పుడనుకుంటున్నాను. పోల్చుకుని, భయపడి, వంటింట్లోకి వెళ్ళావు. నీ నుంచి నాకు వచ్చిందనుకున్నావా? పదహారేళ్ళు నా నుంచి నీకు వచ్చిందని నేననుకున్నట్టు? ఎవరూ ఎవరికీ ఏమీ చెయ్యలేదమ్మా.

డాక్టరు గారికి నీ నాలుక ఫోటో కావాలి. మావయ్యని తియ్యమను, వెలుతురులో, బాగా బయటికి చాపి. నీకు ఇబ్బందిగా ఉంటే మీనా అత్తని తియ్యమను. ఇద్దరూ వద్దనుకుంటే నేను తీస్తాను, ఫోన్లోంచే. ఈ ఉత్తరం అందిన తర్వాత వచ్చే ఆదివారం పొద్దున్న పదింటికి వీడియో కాల్ చేస్తాను. నాన్న కొట్టు తియ్యకుండా కూర్చుంటానన్నారు. ఆ వంగపండు రంగు చీరని మీ అమ్మకి పంపెయ్ అని కూడా అన్నారు, వేరే పార్సిల్లో పంపుతున్నాను. జాకెట్టు కాస్త బిగుతవ్వొచ్చు, అత్త అంటోంది.

నేను ఫ్యాను చూపించను. నువ్వూ చూపించకు.

ఇట్లు,
నీ నాలుకే వచ్చిన నీ కూతురు,
హారతి.